పింఛను వేలంపాట ఇక చాలు

ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయ ఉద్యోగి నాయుడుపేట వీధుల్లో డబ్బు కట్ట, వేలిముద్రల యంత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. మధ్యాహ్నానికల్లా చేతికొచ్చిన నాలుగు వేల పింఛనులో కొంత మందుల షాపుకు, కొంత చిల్లర అంగడి బాకీకి చేరిపోతుంది. అదే వేళకు టీకొట్టు బెంచీల మీద ఒక మాట వినబడుతుంది: ‘ఇట్టా పంచిపెడతా పోతే రాష్ట్రం ఏం గావాల?’ ఈ ప్రశ్న అడగాల్సిందే. అయితే జవాబు చెప్పాల్సింది పింఛను తీసుకునే ముసలివాళ్లు కాదు, దాన్ని ఓట్ల బేరంగా మార్చిన పార్టీలు.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను పెరిగిన తేదీలు చూస్తే బేరం సంగతి తేలిపోతుంది. 2014లో గెలిచిన చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆ అక్టోబరు నుంచి 200 రూపాయలను 1,000 చేసింది. ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా ధరలు పెరిగాయి గానీ పింఛను పెరగలేదు. 2019 జనవరిలో, ఎన్నికలు మూడు నెలల దూరంలో ఉండగా, ఒక్కసారిగా 2,000 అయింది. మే నెలాఖరున జగన్‌మోహన్‌రెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం 2,250 మీద పెట్టారు. అర్హత వయసును 65 నుంచి 60కి దించారు. ఆయన చెప్పిన 3,000 మాత్రం మెట్టు మెట్టుగా ఎక్కి 2024 జనవరికి, అంటే మళ్లీ ఎన్నికల గడపకు చేరింది. చంద్రబాబు కూటమి 4,000 అంది, గెలిచింది, 2024 జులై 1న మూడు నెలల తేడా కలిపి 7,000 చేతిలో పెట్టింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడాన్ని తప్పుపట్టం. కానీ పదేళ్లలో జరిగిన పెద్ద పెంపులన్నీ పోలింగు చుట్టూనే ఎందుకు తిరిగాయి? నడుమ ఏళ్లలో ముసలివాళ్లకు బియ్యం, బీపీ మాత్రలు చవకగా రాలేదు కదా.

2024 ఏప్రిల్‌లో ఈ బేరం వికృత రూపం చూశాం. జగన్ ప్రభుత్వ హయాంలో ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చే వలంటీర్లు ఇక దాన్ని పంచరాదని ఎన్నికల సంఘం ఆదేశించింది. సచివాలయాల ముందు ఎండలో వృద్ధులు నిలబడ్డారు, కొందరిని మంచాల మీద మోసుకొచ్చారు. తప్పు నీదంటే నీదని రెండు పక్షాలూ కొట్టుకున్నాయి. ఇంటికి డబ్బు చేరే పద్ధతి ఒక పార్టీ సొత్తుగా కనబడినంత కాలం ఇలాగే జరుగుతుంది.

ఇక లోటు సంగతి. వితంతువులు, దివ్యాంగులతో సహా రాష్ట్రంలో సుమారు 63 లక్షల మందికి ఏటా 33,000 కోట్ల దాకా ఖర్చవుతోందని ప్రభుత్వమే చెబుతోంది. ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ ప్రవేశపెట్టిన 2025–26 బడ్జెట్‌లో రెవెన్యూ లోటు అంచనా 33,185 కోట్లు. రెండు అంకెలూ ఇంచుమించు ఒకటే కాబట్టి లోటుకు కారణం పింఛనేనని తేల్చేసేవాళ్లున్నారు. ఇది లెక్క కాదు, కనికట్టు. లోటంటే మొత్తం ఆదాయానికీ మొత్తం ఖర్చుకూ తేడా. దానికి సరితూగే పద్దు వెతికితే జీతాల్లోనూ వడ్డీల్లోనూ దొరుకుతుంది. వదులుకున్న రాబడిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీయరు. ఉచిత ఇసుక పేరుతో ప్రభుత్వం సీనరేజీ రుసుము వదులుకున్నప్పుడు లోటు గురించి ఇంత బాధ పడినవాళ్లు కనబడలేదు. కోత అనేసరికి అందరి వేలూ ముసలమ్మ వైపే చూపిస్తుంది.

అలాగని అప్పు ముప్పు కట్టుకథ కాదు. అదే బడ్జెట్‌లో ద్రవ్య లోటు 79,926 కోట్లయితే, మూలధన వ్యయం 40,635 కోట్లు. అంటే తెచ్చే అప్పులో దాదాపు సగం రోడ్డుగానో కాలువగానో మిగలదు, రోజువారీ ఖర్చుల్లో కరిగిపోతుంది. తాత పింఛను కోసం మనవడి నెత్తిన అప్పు పెట్టడం న్యాయం కాదు. అందుకే పింఛనుకు రాష్ట్ర సొంత రాబడిలో మొదటి వాటా ఉండాలి. అది పక్కన పెట్టాకే మిగతా వరాల సంగతి చూడాలి. మొదటి వాటా దక్కని పథకాలు కొన్ని ఆగిపోతాయి. ఆగనివ్వండి.

‘వాళ్లేం కట్టారని?’ అనేవాళ్లూ ఉన్నారు. సర్కారు ఉద్యోగి పింఛను దయాభిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉద్యోగ విరమణ చేసినవారు ఆ తేదీని నేటికీ పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. మరి స్వర్ణముఖి కింది మళ్లలో నలభై ఏళ్లు నాట్లేసిన కూలీది సేవ కాదా? ఒకటో తేదీన ఆమె వేలు యంత్రం మీద పెడితే ముద్ర పడదు, గీతలు అరిగిపోయాయి. ఆమె కట్టిన చందా ఆ వేళ్ల మీదే ఉంది.

నాయుడుపేట దగ్గరి మేనకూరు సెజ్‌లో పనిచేసేవారి కథ మరోలా ఉంటుంది. వాళ్ల తరఫున ప్రతి నెలా భవిష్యనిధి సంస్థకు డబ్బు జమవుతుంది. కానీ ఆ సంస్థ ఇచ్చే ఈపీఎస్–95 కనీస పింఛను 2014 సెప్టెంబరులో పెట్టిన 1,000 రూపాయల దగ్గరే ఆగిపోయింది. పదేళ్ల సర్వీసు నిండనివారికి నెలవారీ పింఛనే లేదు. కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా ఖాతాలు చెల్లాచెదురయ్యే కార్మికుడికి ఆ పదేళ్లు చూపించడమే గండం.

ఢిల్లీ తీరు మరీ దారుణం. జాతీయ వృద్ధాప్య పింఛను 1995 ఆగస్టు 15న 75 రూపాయలతో మొదలైంది. కేంద్రం వాటా 200కు చేరాక, 80 ఏళ్లు దాటినవారికి 500 చేయడం తప్ప, దాదాపు రెండు దశాబ్దాలుగా కదల్లేదు. ఆ 200 కూడా కేంద్రం లెక్కకట్టిన పేదలకే. రాష్ట్రాల ఉచితాల మీద ఢిల్లీ పెద్దలు హితబోధ చేసే ముందు ఈ అంకె చూసుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో సంతాన రేటు 1.7కు పడిపోయింది. జనాభా అదుపు చేయమంటే చేశాం. ఇప్పుడు వృద్ధుల బరువు ముందుగా మోయాల్సింది దక్షిణాది రాష్ట్రాలే. ఆ బరువులో వాటా పంచుకోవడం కేంద్రం బాధ్యత.

ఉద్యోగుల పింఛనుదీ ఇదే బేరసారం. 2004 సెప్టెంబరు నుంచి చేరినవారికి పాత పింఛను బదులు, జీతంలోంచి చందా కట్టే సీపీఎస్ వచ్చింది. దాన్ని వారంలో రద్దు చేస్తామన్న జగన్ 2019 నాటి హామీ, చివరికి 2023లో హామీ పింఛను (జీపీఎస్) చట్టంగా తేలింది. పాత పింఛను తిరిగి తెస్తామని ఎవరు చెప్పినా ఇరవై ఏళ్ల ఖర్చు లెక్క పక్కనే చూపాలి. చూపలేనివారు మాట ఇవ్వకూడదు.

ఈ వేలంపాట మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో 1972లో వృద్ధుల సోషల్ సెక్యూరిటీ 20 శాతం పెరిగింది. పెరిగిన చెక్కులు అక్టోబరులో చేరాయి, నవంబరులో అధ్యక్ష ఎన్నిక జరిగింది. అయితే అదే ఏడాది చేసిన చట్టంతో 1975 నుంచి పింఛను ధరల సూచీని బట్టి దానంతటదే పెరుగుతోంది. మన దగ్గర విశ్రాంత ఉద్యోగికి అలాంటి కరవు భృతి ఉంది. బకాయిలు పడినా, అడిగి తీసుకునే హక్కు ఉంది. కూలి చేసి అలసిన మనిషికి అదీ లేదు.

కాబట్టి మా మాట సూటిగా చెబుతున్నాం. వృద్ధాప్య పింఛనును జీవోల మీద కాక శాసనసభ చేసిన చట్టం మీద నిలబెట్టాలి. ఏటా జనవరిలో ధరల సూచీ ప్రకారం పెంచాలి. 60 నిండినవారి దరఖాస్తు గడువులోగా తేల్చాలి, మంజూరు చేయకపోతే కారణం రాసివ్వాలి. ఒక కార్డుకు ఒకటే వృద్ధాప్య పింఛనన్న నిబంధన తీసేయాలి. ఇద్దరూ ముసలివాళ్లయిన ఇంట్లో ఆకలి ఒక్కరికే వేయదు. అనర్హుల ఏరివేత జరగాలి, కానీ 2025లో దివ్యాంగుల విషయంలో చేసినట్టు ముందు నోటీసులిచ్చి, గగ్గోలు పుట్టాక అప్పీళ్లకు అవకాశం ఇచ్చే పద్ధతి కాదు. విచారణ ముందు, కోత తర్వాత.

వచ్చే జనవరి ఒకటిన నాయుడుపేట పెద్దల చేతికి పెరిగిన పింఛను రావాలి. ఎంత పెరిగిందో కార్డు మీద ఉండాలి, ఏ చట్టం ప్రకారం పెరిగిందో ఉండాలి. ఏ నాయకుడి ఫొటో మాత్రం ఉండకూడదు.