సైనికుని టీకా – నష్టానికి జవాబుదారి ఎవరు?

ఒకని వలన మరొకనికి నష్టం కలిగినచో ఆ నష్టాన్ని పూరించుట న్యాయమనునది నాగరిక సమాజాలన్నీ అంగీకరించిన సూత్రం. వైద్యుని పొరపాటుకైనను, యంత్రంలోని లోపానికైనను సామాన్య పౌరుడు న్యాయస్థానం తలుపు తట్టగలడు. టీకాల విషయంలో మాత్రం ఆ తలుపు సగమే తెరచి ఉన్నది. టీకా వేయించుకొన్నవాడు సైనికుడైనచో అది దాదాపు మూతపడియే ఉన్నది. అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్ర ఇందుకు నిదర్శనం.

టీకాలు కోట్లాది ప్రాణాలను కాపాడినవనుట నిర్వివాదం. వాటి తయారీదారులకు కొంత రక్షణ అవసరమనుట కూడ సత్యమే. 1976 ఫిబ్రవరిలో ఫోర్ట్ డిక్స్ శిబిరంలో ఒక యువ సైనికుడు కొత్త రకపు ఇన్‌ఫ్లుయెంజాతో మరణించినాడు. ప్రజలందరికీ టీకా వేయించ సంకల్పించిన ప్రభుత్వానికి బీమా సంస్థల నిరాకరణ అడ్డు వచ్చినది. అప్పుడు కాంగ్రెసు చట్టం చేసి, దావాలను కంపెనీలపై గాక ప్రభుత్వంపైననే వేయవలెనని నిర్ణయించినది. నాలుగు కోట్లకు పైగా జనం టీకా వేయించుకొన్నారు. కొందరిలో గియాన్–బారే అను నరాల జబ్బు కనిపించుటతో డిసెంబరులో ఆ కార్యక్రమం నిలిచిపోయినది. ఇచట గమనింపదగినది ఒకటి కలదు: కంపెనీ తప్పుకొన్నను, బాధ్యత అంతరించలేదు, అది ప్రభుత్వం భుజాన పడినది.

1986 నాటి చట్టం పిల్లల టీకాలకు ఇదే మార్గాన్ని స్థిరపరచినది. ప్రతి మోతాదుపై వసూలగు పన్నుతో ఏర్పడిన నిధి నుండి, తయారీదారుని తప్పు రుజువు కాకున్నను, బాధితునికి పరిహారం లభించును. కాని 2005 చట్టం మరొక బాట త్రొక్కినది. మహమ్మారులకు, జీవాయుధాలకు విరుగుడుగా ప్రకటింపబడిన మందుల తయారీదారులపై, బుద్ధిపూర్వక దుష్ప్రవర్తన రుజువైననే తప్ప దావా నిలువదు. పరిహారం కోరువాడు టీకా పడిన ఏడాది లోపుననే దరఖాస్తు చేయవలెను. దానిని తేల్చువారు అధికారులే గాని న్యాయమూర్తులు కారు.

ఇక సైనికుని సంగతి. 1950లో అమెరికా సుప్రీంకోర్టు ఫెరెస్ కేసులో, సేవకు సంబంధించిన గాయాలకై సైనికుడు ప్రభుత్వంపై దావా వేయరాదని తీర్పు చెప్పినది. ఆనాడు కలిపి విచారించిన కేసులలో ఒకటి చదివినవారికి మరపురాదు. సైనిక వైద్యులు శస్త్రచికిత్స చేసిన ఒకని కడుపులో నుండి, నెలల తరువాత, ముప్పది అంగుళాల పొడవు గల తువాలు బయటపడినది. దానిపై సైనిక వైద్య శాఖ ముద్ర స్పష్టంగా ఉన్నది. అయినను అతనికి దావా హక్కు లేకపోయినది. 2019లో వచ్చిన చట్టం సైనిక వైద్యశాలల నిర్లక్ష్యంపై శాఖకు అర్జీ పెట్టుకొను వీలు కల్పించినదే గాని, న్యాయస్థానం తలుపు తెరవలేదు.

1991 గల్ఫ్ యుద్ధకాలంలో సుమారు లక్షన్నర మంది అమెరికా సైనికులకు ఆంత్రాక్స్ టీకా వేసినారు. ఎవరికి ఎన్ని మోతాదులు పడినవో అనేకుల విషయంలో సరియైన లెక్క లేదు. 1998లో ఆ టీకా సైన్యమంతటికీ తప్పనిసరి చేయబడినది; నిరాకరించినవారు శిక్షల పాలైరి. తయారీ సంస్థకు మాత్రం నష్టభర్తీ హామీ దొరకినది. 2002లో వైద్య నిపుణుల సంఘం ఆ టీకా ఉపయోగకరమనియు, తగినంత సురక్షితమనియు తెల్పినది. అయినను 2004లో ఫెడరల్ న్యాయమూర్తి ఎమెట్ సల్లివన్, శ్వాస ద్వారా సోకు ఆంత్రాక్స్‌కు దానిని ఆమోదించిన విధానం చట్టసమ్మతం కాదని, సైనికుని సమ్మతి గాని అధ్యక్షుని ప్రత్యేక ఉత్తర్వు గాని లేక బలవంతం చేయరాదని ఆపివేసినాడు. 2005లో ప్రభుత్వం ఆమోదాన్ని సరిదిద్దుకొన్న పిమ్మట నిర్బంధం తిరిగి వచ్చినది.

క్రమశిక్షణ లేనిదే సైన్యం లేదని, గాయపడినవానికి పింఛను ఉన్నదిగదా అని కొందరందురు. నిజమే. అయితే పింఛను పొందుటకు ఆ వ్యాధి సేవ వలననే వచ్చినదని నిరూపింపవలసినవాడు సైనికుడే. లెక్కలు వ్రాసియుంచవలసినది మాత్రం సైన్యం. లెక్కయే లేనపుడు నిరూపణ ఎట్లు? పౌరుడు టీకా వద్దనగలడు, సైనికుడు అనలేడు. వద్దనుటకు హక్కు లేనివానికి పరిహారపు హక్కు ఎక్కువగా ఉండవలెను గాని తక్కువగా ఉండుట విపరీతం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాదు నేడు ప్రపంచానికి టీకాలు పంపు నగరం. 2022లో మన సుప్రీంకోర్టు ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకొమ్మనరాదని తీర్పు చెప్పినది. కాని సాయుధ దళాల వారి ప్రాథమిక హక్కులను పరిమితం చేయుటకు మన రాజ్యాంగపు 33వ అధికరణం పార్లమెంటుకు అధికార మిచ్చుచున్నది. కావున ఈ ప్రశ్న మన సైనికుల విషయంలోను ఆలోచింపదగినదే.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ‘దియత్’ అను నియమం కలదు. పొరపాటున ప్రాణం తీసినవాని పక్షాన సైతం మృతుని కుటుంబానికి పరిహారం ముట్టవలెను. ఉద్దేశం లేకపోవుట శిక్షను తగ్గించునే గాని, ఎదుటివాని నష్టాన్ని చెరిపివేయదు. టీకాల విషయంలోను ఇదియే న్యాయం. తయారీదారుని కాపాడుడు, కాని ఆ బరువును ప్రభుత్వమే మోయవలెను. ప్రతి మోతాదుకు లెక్క ఉండవలెను. లెక్క లేనిచోట అనుమానపు ఫలం సైనికునికే దక్కవలెను. అర్జీని తేల్చువాడు ఆజ్ఞ ఇచ్చిన శాఖకు చెందనివాడై ఉండవలెను. దేశం కొరకు చేయి చాచి టీకా వేయించుకొన్నవాడు, నష్టం కలిగిన నాడు అదే చేయి చాచి యాచించు స్థితి రాకూడదు.