కాగితాల పని అంటే అంత చులకనా?

మొన్న సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన మన కార్యదర్శిని పట్టుకుని "ఏడాదంతా ఏం చేశావయ్యా? ఉత్తరాలు రాయడం, లెక్కలు చూడడమేగా!" అన్నారు. నలుగురు నవ్వారు. మేమూ అక్కడ నోరు మెదపలేదు. అది మా తప్పే. అప్పుడు అనాల్సింది ఇప్పుడు అంటున్నాం.

దక్షిణ ధ్రువం అనగానే అందరికీ కెప్టెన్ స్కాట్ గుర్తొస్తాడు. 1901లో ఆయన డిస్కవరీ ఓడ మీద అంటార్కిటికా పరిశోధనకు బయల్దేరాడు. మరి ఆ ఓడకు డబ్బెక్కడిది? లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు క్లెమెంట్స్ మార్కమ్ ఏళ్ళ తరబడి దాతల చుట్టూ, సర్కారు చుట్టూ తిరిగాడు. 1899లో లాంగ్‌స్టాఫ్ అనే వ్యాపారి 25,000 పౌండ్లు ఇచ్చాడు. ప్రభుత్వం 45,000 ఇస్తామంది గానీ, అంత మొత్తం చందాలుగా తెచ్చి చూపిస్తేనే అని మెలిక పెట్టింది. ఆ మెలిక విప్పింది మంచులో కాదు, రాతబల్ల దగ్గర.

రాతబల్ల దగ్గర పని చెడితే ఏమవుతుందో కూడా ఆ యాత్రే చూపించింది. పెత్తనం నౌకాదళం కెప్టెన్‌దా, శాస్త్రవేత్తదా అని జియోగ్రాఫికల్ సొసైటీ, రాయల్ సొసైటీ కొట్లాడుకున్నాయి. శాస్త్ర విభాగానికి పెద్దగా ఎంచుకున్న భూగర్భ శాస్త్రవేత్త గ్రెగరీ, ఓడ కదలకముందే 1901 మేలో రాజీనామా చేశాడు. ఎవరి అధికారం ఎంతో మొదట్లోనే తేల్చి రాసుకుని ఉంటే అలాంటి మనిషి పోయేవాడా?

తర్వాత డిస్కవరీ మంచులో ఇరుక్కుపోయింది. మార్కమ్ మళ్ళీ చందాల సంచీ పట్టుకున్నాడు. మార్నింగ్ అనే ఓడను కొని 1902లో పంపించారు. అది సామాను అందించి, జబ్బుపడిన షాకిల్టన్‌ను వెనక్కి తెచ్చింది. మరుసటి ఏడాదికి సొసైటీ దగ్గర డబ్బు లేదు. ప్రభుత్వమే బాధ్యత తీసుకుని మార్నింగ్‌తో పాటు టెర్రా నోవానూ పంపింది. 1904 ఫిబ్రవరిలో గానీ డిస్కవరీ మంచు వదిలించుకుని బయటపడలేదు. ధైర్యం ఎంతున్నా మంచు మీద బొగ్గు పుట్టదు, బియ్యం మొలవవు. ఎవరో ఒకరు ఊళ్ళో కూర్చుని ఉత్తరం రాయాలి, రసీదు ఇవ్వాలి, లెక్క తేల్చాలి.

"ఫోటోలో ఉన్నవాళ్ళదే ఘనత" అనేవాళ్ళకు మా జవాబు ఇదే. కార్యదర్శి తప్పు చేస్తే నిలదీయండి, లెక్క అడగండి. అది సభ్యుల హక్కు. మార్కమ్ లాంటివాళ్ళనూ అలాగే అడగాలి. కానీ పనినే ఎగతాళి చేస్తే రేపు ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరొస్తారు? ఉగాది వేదిక మీద శాలువా కప్పించుకోవడానికి మనలో చాలామంది సిద్ధమే. ఆ హాలు అద్దె రసీదు దాచిపెట్టేవాళ్ళే కరువు.

ఆ రోజు నవ్విన నలుగురూ వచ్చే ఆదివారం ఆఫీసుకు రండి. ఒక్క ఫైలు తీసుకుని పూర్తి చేయండి. తర్వాత మాట్లాడుకుందాం.