వృద్ధుల విలాస నివాసములు

పాతబస్తీ మీదుగా మెట్రో రైలుమార్గమును వేయుటకై దారుల్‌షిఫా మొదలు శాలిబండ వఱకు రాజమార్గమున కిరుప్రక్కలనున్న యిండ్లను, దుకాణములను ప్రభుత్వము సేకరింప నారంభించినది. 2025 జనవరిలో చదరపు గజమునకు 81,000 రూపాయల వంతున తొలివిడత పరిహారపు చెక్కులు పంచిపెట్టబడినవి. తాతలనాటి యింటికి బదులు చేతిలో చెక్కు మిగిలిన గృహస్థునకు, వయసు మీఱినవాడైనచో, మొదట పుట్టు ప్రశ్న "ఇక నెక్కడ నుందుము?" అనునది. కొడుకు జెడ్డాలోనో షికాగోలోనో యుండును. కూతురు అత్తవారింట నుండును. అట్టి సమయముననే నగర శివారులలో వెలయుచున్న "సీనియర్ లివింగ్" నివాసముల రంగుల కరపత్రములు వాకిటికి వచ్చును. పోవలెనా, మానవలెనా? ఈ విషయమున గుణదోషములను నిష్పక్షపాతముగా తూచిచూచుట యావశ్యకమని మేము తలంచుచున్నాము.

ఈ పద్ధతి మనకు క్రొత్త. అమెరికాలో అరిజోనా రాష్ట్రమున, ఫీనిక్సు పట్టణము చెంత, 1960 జనవరి 1వ తేదీన "సన్ సిటీ" యను వృద్ధుల పట్టణము తెఱవబడినది. మన దేశమున కోయంబత్తూరు, పుణె, చెన్నపట్నము ముందు నడచినవి. హైదరాబాదు వాని ననుసరించుచున్నది. కారణము స్పష్టమే. ఐక్యరాజ్యసమితి జనాభా నిధివారు 2023లో ప్రకటించిన నివేదిక ననుసరించి 2022లో మన దేశమున 60 ఏండ్లు నిండినవారు 14.9 కోట్లు, అనగా నూటికి 10.5 వంతులు. 2050 నాటికి వారు 34.7 కోట్లు, నూటికి 20.8 వంతులు కాగలరు. ఐదుగురిలో నొకరు వృద్ధులగు కాలము మన మనుమల కాలముననే రానున్నది. ఇంతమందికి కోడండ్ర సేవయే శరణమనుట కాలమెఱుగని మాట. ఆ సేవ పేర నింతకాలము స్త్రీలపై మోపిన భారమును గూర్చియు మన మాలోచింపవలెను.

ఈ నివాసముల సుగుణములను కప్పిపుచ్చుట న్యాయము కాదు. జాఱని నేల, పట్టుకొనుటకు కమ్ములు, చక్రాల కుర్చీ పోదగిన ద్వారములు, లిఫ్టు, పిలిచిన పలుకు నర్సు, వేళకు వండిన భోజనము, ఈడువారితో గోష్ఠి - ఇవి యల్పములు కావు. పాతబస్తీలోని యెత్తైన మెట్లను, ఇఱుకు సందులను ఎఱిగినవారికి, అర్ధరాత్రమున గుండె నొప్పి వచ్చిన ముదుసలిని క్రిందికి దింపుట యెంత కష్టమో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఒంటరి వితంతువు తన సొమ్ముతో, తన యిచ్చతో నట్టిచోట చేరినచో దానిని నిందించు హక్కు ఎవరికిని లేదు.

లోకము మాత్రము నిందించును. "తల్లిదండ్రులను వెడలగొట్టిరి" అని బిడ్డల నాడిపోసికొనును. ఇచట భారతకథను స్మరింపదగును. ధృతరాష్ట్రుడు ధర్మరాజు కొలువులో పదునేనేండ్లు రాజభోగములతో నుండెను. భోగమునకు లోపము లేదు. కాని భీముని దెప్పిపొడుపులు ములుకులై నాటగా వనమునకు వెడలెను. కుంతియు నా వనమునకే పోయెను. ఆమెను కొడుకులు వలదని బ్రతిమాలిరి. అయినను తన సంకల్పముతో పోయెను. వన మొక్కటే, పోక వేఱు. కావున విలాస నివాసము మంచిదా చెడ్డదా యనుటకంటె, పోవువారు తమంత పోవుచున్నారా, పంపబడుచున్నారా యని యడుగుట మేలు.

ఇక దోషముల మాట. గృహస్థు తాను కొనునది ఇల్లని భ్రమించును. నిజమునకు కొనునది గోడలు కాదు, ఇరువదియేండ్ల సేవను గూర్చిన వాగ్దానము. గోడలకు చట్టరక్షణ కొంత గలదు. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము (రెరా) ననుసరించి కొనుగోలుదారుల సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేక ఖాతాలో నుంచవలెను. కట్టడపు లోపములకు ఐదేండ్ల వఱకు నిర్మాత బాధ్యుడు. కాని పదవయేట వంట చెడినను, నర్సు మానినను దిక్కెవరు? కేంద్ర గృహనిర్మాణ శాఖవారు 2019లో వృద్ధుల నివాసములకై నమూనా మార్గదర్శకములు ప్రకటించిరి. అవి నమూనాలు మాత్రమే. రాష్ట్రము తన నిబంధనలుగా చేసికొన్ననాడే వానికి బలము కలుగును.

ఖర్చు లెక్కయు చూడవలెను. నెలసరి రుసుము నేడు 40,000 రూపాయలనుకొందము. అది యేటేట నూటికి 8 వంతున పెరిగినచో తొమ్మిదేండ్లకు రెట్టింపగును. పదునెనిమిదేండ్లకు దాదాపు నాలుగింతలై సుమారు 1,60,000 కావచ్చును. అఱువదియైదవయేట ప్రవేశించినవాడు ఎనుబదిమూడవయేట, సంపాదన లేక, సేవ మిక్కిలి యవసరమైన దశలో, ఈ మొత్తము నీయవలెను. కావున చేవ్రాలు చేయుటకు ముందు ఈ ప్రశ్నలకు పత్రములో లిఖితముగా సమాధానము పొందవలెను: రుసుము పెంపునకు హద్దేది? మంచము పట్టినవానిని నుంచుకొందురా, వెడలుమందురా? మతిమఱపు వ్యాధి వచ్చినచో నేమి? దంపతులలో నొకరు పోయిన పిమ్మట రెండవవారి హక్కేమి? విడిచిపోవునప్పుడు డిపాజిటు ఎన్నాళ్లకు తిరిగి వచ్చును? సేవ చేయు సంస్థ మాఱినచో నివాసుల యనుమతి కావలెనా? ఈ యాఱింటికి జవాబు చెప్పలేని కరపత్రము రంగుల కాగితమే.

మఱియొక హెచ్చరిక. ఇల్లు కొడుకు పేర దానపత్రము వ్రాసి, ఆ కొడుకు రుసుము కట్టునను నమ్మికతో నివాసమున చేరుట ప్రమాదము. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 23వ సెక్షను, పోషింతునను షరతుపై పుచ్చుకొనిన యాస్తిని పుచ్చుకొని పోషింపనిచో, ఆ దానమును రద్దుచేయ వీలు కల్పించినది. ఆ షరతు ముఖ్యమని 2022లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2025 జనవరిలో అదే కోర్టు, ఈ చట్టమును వృద్ధులకు మేలగునట్లు ఉదారముగా నర్థము చేసికొనవలెనని నుడివినది. వివాదమునకు తావులేకుండ షరతును పత్రముననే వ్రాయించుట వివేకము. అంతకంటె వివేకము, బ్రతికియున్నంతకాలము ఆస్తిని తనపేరనే యుంచుకొనుట.

ఏ నివాసమును అమ్మజాలని వస్తువొకటి గలదు: అది ఇరుగుపొరుగు. గౌలిపురాలోను, లాల్‌దర్వాజాలోను, మొగల్‌పురాలోను వృద్ధుడు ప్రొద్దున కనబడనిచో పాలవాడడుగును, టీకొట్టువాడడుగును, ఎదురింటి పిల్లవాడు తలుపు తట్టును. బోనాలనాడు, రంజానునాడు అతడు పెద్దమనిషి. శివారు నివాసమున నతడు గది సంఖ్య. ఈ పరిచయమును నలుబదియేండ్లు కూడబెట్టిన ధనముగా నెన్నవలెను. కావున మా యభిప్రాయమున, వృద్ధుని సేవయొద్దకు తరలించుటకంటె సేవను వృద్ధుని వీథికి తెచ్చుట మేలు.

ఈ నగరమున కీ తలంపు క్రొత్తది కాదు. చార్మినారు కట్టిన 1591 తరువాత నాలుగేండ్లకు, 1595 ప్రాంతమున, ముహమ్మద్ కులీ కుతుబ్ షా దారుల్‌షిఫాను కట్టించెను. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును రోగులకు గదులు. వైద్యమును, వైద్యవిద్యయు నొక్కచోటనే. దానిని ఊరి వెలుపల కాక జనుల నడుమనే నిలిపిరి. నేడు వార్డునకొక పగటి కేంద్రము, వారమున కొకసారి యింటికి వచ్చు నర్సు, మెట్ల ప్రక్క పట్టుకమ్మి - వీనికి రాజు కావలసిన పనిలేదు. నగరపాలకులకు సంకల్పమున్న చాలును.

ఏలన, విలాస నివాసమున చేరగలవారు కొలదిమంది. తెలంగాణమున వృద్ధుల పింఛను 2019లో నెలకు 2,016 రూపాయలకు పెంచబడినది. పైన చూపిన నెలసరి రుసుములో అది ఇరువదవ వంతు మాత్రమే. 2024 అక్టోబరు నుండి 70 ఏండ్లు నిండినవారికి కేంద్రప్రభుత్వ మొసగిన 5 లక్షల రూపాయల వైద్యబీమా ఆసుపత్రి మంచమునకు పనికివచ్చును గాని, ఇంట మంచమున పడినవారికి ముద్ద తినిపింపదు. జిల్లాకు కనీసమొకటి, 150 మందికి తగ్గకుండ, నిరుపేద వృద్ధులకు ఆశ్రమము నెలకొల్పవచ్చునని 2007 చట్టము 19వ సెక్షను చెప్పుచున్నది. "నెలకొల్పవచ్చును" అను మాటను "నెలకొల్పవలెను" అని మార్చుట శాసనకర్తల తక్షణ కర్తవ్యము.

ధనవంతుడు తన ముదిమికి మందిరము కట్టుకొనుటను మే మాక్షేపింపము. కన్నులు తెఱచి, పత్రము చదివి, తన యిచ్చతో పోవుగాక. కాని ముదిమి యందఱికిని వచ్చును. మందిరము కొందఱికే వచ్చును. మిగిలినవారు తమ వీథిలోనే, తమవారి నడుమనే, గౌరవముతో ముదిమి గడపగల యేర్పాటు చేయని నగరము ఎన్ని మార్గములను వెడల్పు చేసినను ఇఱుకైనదే.