తిరుపతి టు కువైట్: గాల్లో 5 గంటలే.. ఇంటికి చేరేసరికి 13 గంటలు! టైమ్ ఎక్కడ పోతోంది?

"నాయనకు బాగలేదు, వెంటనే బయల్దేరి రా.." కువైట్‌లో ఉన్న కొడుక్కి ఇంటి నుంచి ఇలా ఫోన్ వస్తే? పీలేరు, రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు వైపు చాలా ఇళ్లకు ఇది తెలిసిన కష్టమే. ఆ టైమ్‌లో కొడుకు చూసేది కిలోమీటర్లు కాదు, గంటలు. ఆ లెక్క ఏంటో ఓసారి చూద్దాం.

గాల్లో తేడా 10 నిమిషాలే

రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి కువైట్‌కు నేరుగా గాల్లో దూరం సుమారు 3,680 కి.మీ. చెన్నై నుంచి అయితే సుమారు 3,775 కి.మీ. అంటే తేడా వంద కిలోమీటర్ల లోపే. విమానానికి అది పది నిమిషాల పని. వెళ్లేటప్పుడు ఎదురుగాలి వల్ల దాదాపు 5 గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు గాలి కలిసొచ్చి ఇంకాస్త తగ్గుతుంది.

టికెట్‌పై టైమ్ చూసి కంగారు పడొద్దు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున 5కి దిగుతారు. చూడ్డానికి 7 గంటలు.. నిజానికి విమానంలో ఉన్నది నాలుగున్నర గంటలే.

అసలు ఆలస్యం రోడ్డు మీదే

మరి 13 గంటలు ఎలా? కువైట్ ఎయిర్‌పోర్టులో 3 గంటల ముందే ఉండాలి. ప్రయాణం నాలుగున్నర గంటలు. చెన్నైలో ఇమిగ్రేషన్, లగేజీకి ఓ గంట. అక్కడి నుంచి పీలేరుకు కారులో మరో నాలుగున్నర గంటలు. మొత్తం 13. అదే విమానం రేణిగుంటలో దిగితే? అక్కడి నుంచి పీలేరుకు గంటన్నర, రెండు గంటలు చాలు. అంటే రెండున్నర నుంచి 3 గంటలు మిగులుతాయి. నిద్ర లేని కళ్లతో రాత్రిపూట హైవే ప్రయాణం కూడా తప్పుతుంది.

హోదా ఉంది.. విమానమే లేదు

రేణిగుంటలో గరుడ టెర్మినల్‌ను ప్రధాని మోదీ 2015 అక్టోబర్ 22న ప్రారంభించారు. 2017లో ఇంటర్నేషనల్ హోదా కూడా వచ్చింది. కానీ గల్ఫ్‌కు రెగ్యులర్ సర్వీసు మాత్రం రాలేదు.

దూరం అడ్డమా అంటే కాదు. ఏ320 నియో లాంటి చిన్న విమానం 6,000 కి.మీ. పైగా ఎగరగలదు. అడ్డం రెండు చోట్ల ఉంది. ఒకటి, విదేశీ ఎయిర్‌లైన్స్ రావాలంటే రెండు దేశాల ఒప్పందంలో ఆ ఎయిర్‌పోర్టు పేరు ఉండాలి. రెండు, మన ఎయిర్‌లైన్స్‌కు ఆ అడ్డు లేకపోయినా సీట్లు నిండుతాయన్న నమ్మకం కావాలి.

ఆ నమ్మకం కోసమే విజయవాడలో ఓ ప్రయోగం చేశారు. ఖాళీ సీట్ల నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వమే భరిస్తానంటే, 2018 డిసెంబర్ 4న సింగపూర్ ఫ్లైట్ మొదలైంది. 2019లో ఆగిపోయింది. అంటే డబ్బులిచ్చి తెచ్చిన సర్వీసు, ఆ డబ్బులు ఉన్నంతవరకే.

అయితే తిరుపతి కేసు వేరు. ఇక్కడ కువైట్‌కు వెళ్లేది టూరిస్టులు కాదు, పని కోసం పోయి సెలవుకు వచ్చే జనం. వాళ్లు ఇప్పటికే చెన్నై, బెంగళూరు విమానాల్లో సీట్లు నింపుతున్నారు. ఏ మండలం నుంచి ఎంతమంది వెళ్తున్నారో లెక్క తీసి ఎయిర్‌లైన్స్ ముందు పెడితే, వారానికి ఒక్క ఫ్లైట్‌తో అయినా మొదలుపెట్టొచ్చు.

నాయన్ని చివరిసారి చూసుకోవాలని పరుగెత్తుకొచ్చే కొడుక్కి.. ఆ 3 గంటలు చిన్న విషయం కాదు.