అమ్మ మొహం మీద పెన్సిలు గీతలు

మొన్న మదనపల్లెలో అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే బటర్ పేపరు కవర్లో ఒక నెగెటివ్ దొరికింది. 1974లో పుంగనూరు స్టూడియోలో తీయించిన పెళ్ళిచూపుల ఫోటోది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూస్తే మొహం మీద సన్నసన్న మెరుపు గీతలు. మెడ మీద లేవు, చేతుల మీద లేవు.

"ఇవేందిమా?" అన్నాను.

"పెన్సిలు గీతలు పాపా. నన్ను ఎర్రగా చేసినారు" అని నవ్వింది.

పాత ఫోటోల్లో ఏ మాయా లేదు, ఈ ఫిల్టర్లన్నీ ఇప్పటి పిల్లల పిచ్చి అని మనం తెగ మాట్లాడతాం కదా. అది నిజం కాదు. అప్పట్లో స్టూడియోల్లో యాషికా, రోలీఫ్లెక్స్ లాంటి రెండు కళ్ళ కెమెరాలు ఉండేవి. తల వంచి పైనుంచి చూస్తూ తీసేవాళ్ళు. 120 రోలుకు వచ్చేవి 12 చదరపు బొమ్మలే. ఒక్కో నెగెటివ్ దాదాపు ఆరు సెంటీమీటర్లు. 36 బొమ్మల చిన్న ఫిలింలో మొహం కందిగింజంత ఉంటుంది, దాని మీద పెన్సిలు ఆడదు. ఈ పెద్ద నెగెటివ్ మీద ఆడుతుంది. నెగెటివ్‌లో నల్లటి చర్మం పల్చగా, వెలుతురు దూరేలా ఉంటుంది. అక్కడ పెన్సిలుతో గీస్తే వెలుతురు ఆగుతుంది. కాగితం మీద ఆ చోటు తెల్లగా వస్తుంది. అంతే కిటుకు.

ఆ ఫోటో చూసి మగపెళ్ళివారు వచ్చారు. అమ్మను చూసి, "ఫోటోలో పిల్ల ఎర్రగా ఉండాదే" అన్నారు. సంబంధం కుదిరింది, కానీ మాట్లాడుకున్న దానిమీద ఇంకో రెండు తులాల బంగారం పెట్టమన్నారు. అవ్వ తన మెడలోది తీసి ఇచ్చింది. ఆ గీతల ఖరీదు అవ్వ మెడలోని బంగారం.

ఆ మరుసటి ఏడే, 1975లో, మన దేశంలోకి ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. 2020లో దాని పేరులోంచి ఫెయిర్ తీసేశారు. మన నోట్లోంచి మాత్రం పోలేదు. పుంగనూరు ఆవు పొట్టిగా ఉందని లోకమంతా ముద్దు చేస్తుంది. అదే ఊరి ఆడపిల్ల నల్లగా పుడితే మాత్రం దిద్దాలి!

ఇంతకీ నేనేం తక్కువ తినలేదు. పోయిన నెల కుప్పంలో మా పాపకు ఫోటో తీయించాను. "కాస్త తెల్లగా వచ్చేట్టు చూడు నాయనా" అని ఆ అబ్బాయికి చెప్పింది నేనే. రెండు నిమిషాల్లో కంప్యూటర్లో చేసి ఇచ్చాడు. మొహం ఒక రంగు, మెడ ఒక రంగు. పాప చూసి, "అమ్మా, ఈమె ఎవురు?" అంది. నాకు నోట మాట రాలేదు.

కొందరు వదినలు అంటారు: సంబంధం కుదరాలి కదా, అందరూ చేసేదే కదా అని. మొటిమ తీసేయండి, నేనేమీ అనను. అది వారంలో ఎలాగూ పోయేదే. రంగు పోయేది కాదు. ఫోటోలో దాచి పెళ్ళిచూపుల్లో చూపిస్తే పిల్ల తల వంచుకోవాల్సిందే. పైగా ఇంట్లో మనమే, "నువ్వు ఇలా ఉంటే చాలదు" అని దానికి ముందుగా చెప్పేసినట్టు. అత్తగారింట్లో ఎవరో అనే మాటకు మనమే అచ్చు వేసి ఇస్తున్నాం. తప్పు స్టూడియో వాళ్ళ మీదకు తోసెయ్యలేం. అడిగేది మనమే.

ఫోటోగ్రాఫర్‌ను తెలుపు అడగకండి, వెలుతురు అడగండి. పక్కనుంచి కిటికీ వెలుతురు పడితే నల్లటి మొహం ఎంత నిండుగా వస్తుందో చూడండి. మొహానికి సరిపడా వెలుతురు కొలిచి తీయమనండి. వెనకాల తెల్ల గోడ వద్దనండి.

మా పాపకు మళ్ళీ తీయించాను, ఏమీ దిద్దకుండా. పోయిన వారం ఆ ఫోటోనే పంపాము. ఒక చోటి నుంచి జవాబు లేదు. రాకపోతే పోయె. ఫోటో చూసి ఆగిపోయిన వాళ్ళు, ఇంటికొచ్చి రెండు తులాలు అడిగే వాళ్ళకంటే నయం.

అమ్మ నెగెటివ్ నా దగ్గరే ఉంది. ఆ గీతలు తుడిపించి, ఒక ప్రింటు వేయించమని అడగబోతున్నాను. 1974లో మా అమ్మ ఎలా ఉండేదో నేనింకా చూడలేదు.