బేగంపేట కొలతలు, గయా లెక్కలు

బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం చిరునామాలో ఇప్పటికీ ‘నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్’ అని ఉంటుంది. అక్కడ ఒకప్పుడు వేధశాల నడిచిందని చెప్పడానికి జనానికి తెలిసిన ఆనవాలు దాదాపు అదొక్కటే. సైన్స్ చరిత్రలో ఈ చుట్టుపక్కల పేరు వినగానే రోనాల్డ్ రాస్ గుర్తుకొస్తాడు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లోనే ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు, దానికి నోబెల్ కూడా వచ్చింది. ఆ పక్కనే ఏళ్ల తరబడి సాగిన నక్షత్రాల కొలతకు బహుమతి రాలేదు కాబట్టి ఊరు దాన్ని మరచిపోయింది. సొంత టెలిస్కోపు ఉంటేనే ఖగోళశాస్త్రమనీ, ఎవరో తీసిన సర్వే డేటాను ముందేసుకుని కూర్చోవడం గుమాస్తా పని అనీ మన దగ్గర ఒక అభిప్రాయం గట్టిగా నాటుకుంది. అది తప్పని చెప్పడానికి దూరాలు వెతకనక్కర్లేదు, బేగంపేట చరిత్ర చాలు.

నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో తన సొంత వేధశాలకు పునాది వేశాడు. 1907లో ఆయన కన్నుమూశాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత వేధశాల బేగంపేటకు మారింది. అప్పటికి పారిస్ వేధశాల అధిపతి ఎర్నెస్ట్ మూషే 1887లో మొదలుపెట్టిన మహా పథకం నడుస్తోంది. ఆకాశాన్ని పట్టీలుగా కోసి దేశదేశాల వేధశాలలకు పంచి, కంటికి ఆనేవాటికంటే వంద రెట్లు మసకైన నక్షత్రాల వరకు గాజు పలకల మీద ఫొటో తీసి, ఒక్కోదాని స్థానాన్ని కొలవాలన్నది ఆలోచన. చిలీలోని శాంటియాగోకు కేటాయించిన పట్టీ అక్కడ ముందుకు సాగలేదు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న ఆ భాగం హైదరాబాద్‌కు వచ్చింది. అంటే మన వాటా మొదలైందే ఇతరులు వదిలేసిన పనితో. 8 అంగుళాల కుక్ కెమెరా టెలిస్కోపుతో ప్లేట్లు తీశారు. పథకం ప్రమాణం ప్రకారం ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) పలక మీద ఒక మిల్లీమీటరు. ఫొటోతో పాటే పలక మీద అచ్చయిన సన్నని గళ్ల గీతల నుంచి ప్రతి చుక్క ఎంత దూరంలో ఉందో సూక్ష్మదర్శినిలో చూసి, అడ్డం ఒక అంకె, నిలువు ఒక అంకె రాసుకోవాలి. తర్వాతి చుక్కకు వెళ్లాలి. అలా లక్షల చుక్కలు. రాబర్ట్ పోకాక్, 1918 నుంచి పాతికేళ్లకు పైగా టి.పి. భాస్కరన్ ఈ పని నడిపించారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. దక్షిణ పట్టీ ముగిశాక ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా మనవాళ్లు తలకెత్తుకున్నారు. మొత్తం 12 సంపుటాలు అచ్చయ్యాయి.

ఆ సంపుటాలు చాలాకాలం ఎవరికీ పెద్దగా పనికిరాలేదు. పథకమంతా అనుకున్నదానికంటే దశాబ్దాలు ఆలస్యమైంది. పాశ్చాత్య దేశాల్లో కొందరు దాన్ని వేధశాలల నెత్తిన పడ్డ బరువుగానే చూశారు. కథ మలుపు తిరిగింది హిప్పార్కస్ ఉపగ్రహంతో. 1989లో ఎగిరిన ఆ యూరప్ టెలిస్కోపు 1993 వరకు నక్షత్రాల స్థానాలను అంతకుముందు లేనంత నిశితంగా కొలిచింది. కానీ నక్షత్రం ఏడాదికి ఎంత కదులుతోందో తెలియాలంటే నిశితత్వం ఒక్కటే సరిపోదు, రెండు కొలతల మధ్య కాలం కావాలి. లెక్క చిన్నదే. పాత పలక మీద పావు ఆర్క్ సెకను (సెకనంటే ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు) తప్పు దొర్లిందనుకుందాం. మూడేళ్ల ఎడంతో చలనం కడితే ఆ తప్పు ఏడాదికి 0.08 ఆర్క్ సెకన్లు, చాలా నక్షత్రాల అసలు కదలికకంటే పెద్దది. అదే తప్పును 75 ఏళ్లకు పంచితే ఏడాదికి 0.0033కు పడిపోతుంది. అందుకే అమెరికా నావల్ అబ్జర్వేటరీ పాత సంపుటాల అంకెలన్నిటినీ కంప్యూటర్లో మళ్లీ లెక్కగట్టింది. ఉపగ్రహం స్థానాలను వాటితోనూ ఇతర పాత పట్టికలతోనూ కలిపి 2000లో 25 లక్షల నక్షత్రాల టైకో-2 పట్టిక తయారైంది. బేగంపేటలో సూక్ష్మదర్శిని ముందు వంగి కూర్చున్నవారి అంకెలు అందులో భాగం. వాళ్లు కొలిచేటప్పుడు ఇలాంటి ఉపగ్రహం ఒకటి వస్తుందని తెలియదు.

హిప్పార్కస్ తర్వాతి యూరప్ ఉపగ్రహం గయా వచ్చాక ఆ అంకెలకు కాలం చెల్లింది కదా అనవచ్చు. నిజమే, చాలావరకు. 2013 డిసెంబరులో ఎగిరి 2025 జనవరి దాకా ఆకాశాన్ని స్కాన్ చేసిన గయా, 2022 నాటి విడుదలలో 180 కోట్లకు పైగా ఖగోళ వస్తువుల వివరాలిచ్చింది. మామూలు నక్షత్రం విషయంలో గాజు పలక దాని ముందు నిలవదు. అయితే కనిపించని జంట నక్షత్రం చుట్టూ దశాబ్దాలపాటు తిరిగే నక్షత్రం కొద్ది ఏళ్ల కొలతలో ఒక దిక్కుకు, శతాబ్దపు సగటులో మరో దిక్కుకు కదిలినట్టు కనిపిస్తుంది. ఆ తేడానే జంట ఉందన్న ఆచూకీ. ఆ ఆచూకీ తీసే పద్ధతికి పాత కొలతలు ఇంకా కావాలి. పైగా నా వాదన ఫలానా అంకె శాశ్వతమని కాదు. ఓపికగా చేసిన సర్వే కొలత ఏ ప్రశ్నకు జవాబవుతుందో కొలిచిననాడు తేలదు. ఆ జవాబును పట్టేది కూడా కొలిచినవాళ్లే కానక్కర్లేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. వండినవాళ్లు తినగా మిగిలిన ఎంగిలే మనకు దొరుకుతుందని, గొప్ప ఆవిష్కరణలన్నీ టెలిస్కోపు కట్టినవాళ్లు ముందే ఏరుకుంటారని అంటారు. కానీ 2017 జులైలో ప్రకటించిన ‘సరస్వతి’ మహా గెలాక్సీ సమూహాన్ని చూడండి. సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, 60 కోట్ల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న ఆ నిర్మాణం అమెరికాలోని టెలిస్కోపుతో చేసిన స్లోన్ సర్వేలో ఉంది. ఆ డేటా ఏళ్లుగా ప్రపంచమంతా చూస్తున్నదే. పట్టుకున్నది పుణెలోని ఐయూకా, ఐసర్ సంస్థల పరిశోధకుల బృందం. అందులో కేరళలోని తొడుపుళ అనే చిన్న ఊరి న్యూమన్ కాలేజీ అధ్యాపకుడూ ఉన్నారు. తొడుపుళలో పెద్ద టెలిస్కోపు లేదు. ఖమ్మంలోనూ లేదు, కర్నూలులోనూ లేదు.

అయినా ఆ అభ్యంతరంలో పూచిక పుల్లలా తీసిపారేయలేని భాగం ఒకటుంది. గయా బృందం తన శాస్త్రవేత్తలకు ముందస్తు హక్కు ఉంచుకోకుండా అందరికీ ఒకేసారి డేటా ఇచ్చింది, కానీ అందరూ అలా ఇవ్వరు. చిలీలో 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన వెరా రూబిన్ వేధశాల, ఆకాశంలో మార్పు కనబడగానే నిమిషాల్లో ప్రపంచానికి కబురు పంపుతుంది గాని, పూర్తి డేటా విడుదలలను రెండేళ్లపాటు హక్కున్నవారికే పరిమితం చేస్తుంది. కనుక దేశానికి సొంత పరికరాలు వద్దని ఎవరూ అనరు. 2015లో ఎగిరిన ఆస్ట్రోశాట్ లాంటివి ఇంకా కావాలి. అయితే అది దేశం చేయాల్సిన పని. విశ్వవిద్యాలయం సంగతి వేరు. ఉస్మానియాకు జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఆ చోటు దేశమంతటికీ తెలిసింది. నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి, వానాకాలం మబ్బులు ఎటూ తప్పవు. ఆ ఒక్క టెలిస్కోపు మీదే తరాల విద్యార్థుల భవిష్యత్తు ఆనించడం న్యాయం కాదు.

ఇప్పుడు కొత్తగా వినిపించే మాట, ఈ సర్వే డేటా వడపోతంతా కృత్రిమ మేధ చేసేస్తుందని. కోట్ల అంకెలను జల్లించడం దానికి తేలికే. కష్టం జల్లించాక మొదలవుతుంది. కృత్తికల సంగతే తీసుకోండి. హిప్పార్కస్ డేటా ప్రకారం ఆ గుంపు సుమారు 390 కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి. ఇతర పద్ధతులు 440 దగ్గర చూపాయి. ఏళ్ల తరబడి తగువు నడిచింది. చివరికి రేడియో టెలిస్కోపుల కొలతలు, ఆపై గయా, ఎక్కువ దూరం వైపే మొగ్గాయి. ఉపగ్రహం అంకెలో ఎక్కడో లోపం ఉందన్నమాట. దూరం కట్టడానికి వాడే గయా పారలాక్స్‌లోనూ (భూమి కదలిక వల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం) చిన్న స్థిరమైన తేడా ఉంది, దాన్ని సరిదిద్దుకోవాలి. కొన్ని వస్తువులకు పారలాక్స్ రుణసంఖ్యగా కూడా వస్తుంది. ఒకటిని దాంతో భాగించి దూరం ఇదిగో అనేసే విద్యార్థికి అంకె వస్తుంది, దూరం రాదు. ఈ అనుమానం, ఈ తర్కం నేర్పేది గురువే. గుమాస్తా పని అనుకున్నచోట అసలు శాస్త్రం జరిగేది ఇక్కడే.

గయా నాలుగో విడుదల 2026 డిసెంబరులో ఉంటుందని యూరప్ అంతరిక్ష సంస్థ చెప్పింది. అందులో సగటులే కాక, అయిదున్నరేళ్లలో ఒక్కో వస్తువును చూసిన ప్రతిసారీ తీసిన కొలత విడివిడిగా ఉంటుంది. జంట నక్షత్రాలకు, కాంతి మారే నక్షత్రాలకు, గ్రహాల వేటకు అది పెద్ద గని. పారిస్‌కూ కరీంనగర్‌కూ అది తెరుచుకునేది ఒకే రోజు. డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఇప్పటికీ వెర్నియర్, స్పెక్ట్రోమీటర్ ప్రయోగాలకు మార్కులున్నాయి. వాటి పక్కన ఒక నక్షత్ర గుంపును గయా పట్టికలోంచి ఏరి, దూరం కట్టి, దోషాల పరిధితో సహా రాసే ప్రయోగం ఒకటి చేర్చడానికి కొత్త భవనం అక్కర్లేదు. కాలేజీ కంప్యూటర్ గది, ఇంటర్నెట్, ఎస్‌క్యూఎల్, పైథాన్ వచ్చిన ఒక అధ్యాపకుడు ఉంటే సరిపోతుంది. పాఠ్యప్రణాళిక సంఘాలు కూర్చుని తేల్చాల్సిందల్లా దానికి ఎన్ని మార్కులివ్వాలన్నదే.