బిల్లు వాళ్ల రాబడి, అప్పు మన మెడకు

హైదరాబాదు వైద్యానికి రాజధాని అయ్యిందని పాలకులు, పెట్టుబడిదారులు గొప్పగా చెప్పుకుంటున్నారు. విదేశాల నుంచి రోగులొస్తున్నారట, డాలర్లొస్తున్నాయట, రాష్ట్ర ఆదాయం పెరుగుతోందట. అబద్ధమని మేం అనం. తెలంగాణ ఆదాయంలో ఐదింట మూడు పాళ్లకు మించి సేవల రంగానిదే. వైద్యం అందులోదే. అయితే ఆ ఆదాయం ఎవరి జేబులోంచి వచ్చింది, ఎవరి గల్లాలోకి పోయింది? వాడల్లో బతికే మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

ముందు లెక్క ఎట్లా కడతారో చూద్దాం. ప్రైవేటు దవాఖాన వసూలు చేసిన బిల్లుల్లోంచి మందులు, కరెంటులాంటి ఖర్చులు తీసేస్తే మిగిలింది రాష్ట్ర ఆదాయం కింద రాస్తారు. సర్కారు దవాఖానలో బిల్లు లేదు. అందుకని అక్కడి పనికి ముఖ్యంగా జీతాల ఖర్చునే విలువగా కడతారు. అంటే అదే ఆపరేషన్, అదే రోగం. సర్కారు దవాఖానలో ఉచితంగా చేస్తే లెక్కలో చిన్నది, కార్పొరేటులో లక్షలు గుంజి చేస్తే పెద్దది! అవసరం లేని కోత కోసినా అభివృద్ధే. ఆ బిల్లు కట్టడానికి అమ్మిన మేకలు, కుదువబెట్టిన పుస్తెలు, నెలనెలా కట్టే మిత్తి మాత్రం ఆ లెక్కలో ఎక్కడా కనబడవు.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం, దేశంలో పల్లె మనిషి ఒక్కసారి దవాఖానలో చేరితే, కాన్పులు కాకుండా, సర్కారు దవాఖానలో సగటున 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు ఖర్చయింది. ఆరింతలు! కూలి మీద బతికే ఇల్లు ఇది ఎట్లా తట్టుకుంటుంది? 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. దానివల్ల ప్రాణం దక్కినోళ్లు మన వాడల్లోనూ ఉన్నారు, కాదనం. కానీ ఆ సర్కారు సొమ్ములో పెద్ద పాలు ప్రైవేటు దవాఖానలకే పోయింది. జ్వరమొస్తే, బీపీ గోళీలు కావాలంటే మళ్లీ మన జేబే.

ఇక ఈ రంగాన్ని మోస్తున్నదెవరు? వార్డు ఊడ్చేది, నెత్తుటి గుడ్డలు ఎత్తేది, శవాన్ని మార్చురీకి తోసేది ఎక్కువగా మన కులాల వాళ్లే. 2020లో గాంధీని కరోనా దవాఖాన చేసినప్పుడు, సొంతోళ్లు రాలేని మంచాల పక్కన నిలబడ్డది వాళ్లే. కొలువు మాత్రం ఏజెన్సీ కింద. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా అక్కలకు జీతం లేదు, పారితోషికమే. వాళ్లను కార్మికులుగా గుర్తించాలని 2013లో భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డిచ్చింది. అవార్డుతో పొయ్యి మండుతుందా? ఇందులో ఇంకో మోసముంది. సర్కారు పనికి విలువ జీతాన్ని బట్టే కడతారు గనక, మనకు తక్కువిస్తే లెక్కలో మన పాలు కూడా తక్కువే పడుతుంది. ఇంట్లో మంచాన పడ్డోళ్లకు సేవ చేసే ఆడోళ్ల పనికైతే అసలు లెక్కే లేదు.

బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును బలపరిచారు. తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారం చాలావరకు సర్కారే మోయాలని వాదించారు. ఆయన చూపిన దారి అది. ప్రజారోగ్యం మీద సర్కార్ల ఖర్చు 2025 నాటికి దేశ ఆదాయంలో 2.5 శాతానికి చేరుస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం మాటిచ్చింది. గడువు దాటింది, మాట నిలబడలేదు.

అందుకే కార్యకర్తలకు మా విన్నపం. మన లెక్క మనమే రాద్దాం. వాడవాడనా కూర్చొని, ఈ ఏడాది ఏ ఇంట్లో ఎవరు దవాఖానలో చేరారు, బిల్లెంత, అప్పెంత, మిత్తెంత, ఎన్ని రోజుల కూలి పోయిందో రాయండి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్నో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. రెండు కాగితాలూ గ్రామసభలో చదివి వినిపించండి. ఖాళీలు నింపాలి, మందులు ఊళ్లోనే దొరకాలి, ఆశా అక్కలకు జీతం, దవాఖాన పారిశుద్ధ్య కార్మికులకు ఏజెన్సీ లేని కొలువు కావాలని తీర్మానం చేయించండి.

రాష్ట్రం ఎంత సంపాదించిందో వాళ్లు చెప్తూనే ఉంటారు. మనం ఎంత పోగొట్టుకున్నామో మనమే చెప్పాలి.

జై భీమ్!